పదిహేడో సెల్లు

చార్జింగు తీసిన వెంటనే అడగొద్దు, అంటాడు గుల్‌జమాన్ ఉస్తాద్.
కరెంటు ఇంకా పైపైనే ఉంటుంది.
ఏ బ్యాటరీ అయినా అప్పుడు నిండుగానే ఉన్నానంటుంది,
పెళ్లివారింట్లో పలకరిస్తే
ఎవరైనా బాగున్నామనే అన్నట్టు.

టవర్‌ని జనరేటరుకిచ్చి తీగలు విప్పాం.
హైమా దాటి డెబ్బై కిలోమీటర్లు.
టవరు కాళ్ల దగ్గర రేకుల గది,
గదిలో ఇరవై నాలుగు సెల్లులు.
బఖీత్ ఒంటె ఈనిందీ,
టాంకరు డ్రైవరు సలాలాలో క్షేమంగా దిగిందీ,
ఈ ఎడారిలో ఏ కబురైనా
ఈ సీసం పలకల మీంచే పోవాలి.

ఆరు గంటలు ఆగాలి.
అవి ఊపిరి తీసుకుంటాయి అనను, బ్యాటరీకి ఊపిరేమిటి.
ఉత్తగా ఊరుకుంటాయి.
మేమూ ఊరుకున్నాం బండి నీడలో,
నీడ జరిగినప్పుడల్లా చాప జరుపుకుంటూ.

పొద్దు గూకినాక మొదలుపెట్టాం.
హైడ్రోమీటర్ ముంచి, పీల్చి,
కంటి ఎత్తుకి పట్టుకుంటాను నేను.
ఉస్తాద్ టార్చి పడతాడు.
ఒకటి: పన్నెండు అరవై.
రెండు: పన్నెండు అరవై.
మూడు: పన్నెండు యాభై ఐదు.
వేడికి కలపాల్సింది కలిపి
నోటుబుక్కులో ఎక్కిస్తున్నాను.

పదిహేడు.
తేలాల్సింది తేలలేదు.
బుడగ అడ్డుందేమోనని గొట్టాన్ని గోటితో కొట్టి మళ్లీ పీల్చాను.
పదకొండు నలభై.
ఉస్తాద్ గడ్డం గోక్కున్నాడు.

లోడ్ పెట్టాం.
బరువెత్తినాకే కదా మోకాళ్ల సంగతి తెలిసేది.
అన్నీ కొంచెం వంగి నిలదొక్కుకున్నాయి.
పదిహేడోది మాత్రం
రెండు, ఒకటి తొంభై, ఒకటి డెబ్బై...
చేద దిగినట్టు కూడా కాదు,
తాడు తెగిన చేద పడినట్టు.

ఇందులో ఏం పోశారు? అన్నాడు ఉస్తాద్, మూత తిప్పి చూస్తూ.
నేను టార్చి అందుకున్నాను, అవసరం లేకపోయినా.

పోయిన ఏడు కాదు, ఆ ముందటి ఆగస్టు.
ఒక్కణ్నే వచ్చాను.
డిస్టిల్డ్ నీళ్ల క్యాను స్టోర్ గుమ్మంలోనే మరిచిపోయాను.
ఇక్కడ మూత తీస్తే పలకల అంచులు బయటపడి ఉన్నాయి.
ఎండిన పెదవుల్లా అని రాయడం నాకిష్టం లేదు
కానీ అప్పుడు అట్లాగే కనిపించాయి.
మళ్లీ రావాలంటే మూడు రోజులు.
నా దగ్గర లీటరున్నర సీసా, అందులో సగం.
దూప ఎవరిదైనా దూపే అనుకుని
ఆ సగం దానికి పోశాను.
నాలుక అంగిట్లో అతుక్కుపోయి హైమా దాకా బండి నడిపాను.
నిజం చెప్పాలంటే ఆ దారంతా
లోపలెక్కడో చల్లగానే ఉంది.

సీసా మీద రాసే ఉంటుంది:
కాల్షియం ఇంత, మెగ్నీషియం ఇంత.
మనిషికి బలం.
సీసా నీళ్లు సీసానికి పడలేదు.
రెండేళ్లుగా లోపల పొర మీద పొర కడుతుంటే
పక్కవి ఇరవై మూడూ దాని వాటా మోశాయి.
అడగడం వాటికి రాదు.

చివర్న ఒక గడి ఉంటుంది: కారణం.
'వయసు' అని రాయొచ్చు. అందరూ అదే రాస్తారు.
వయసుని ఆఫీసుకి పిలిచి ఎవరూ నిలదీయరు,
దాని జీతంలో కోత పెట్టరు.

రిపోర్టు తర్వాత ఎవరో టైపు చేస్తారు.
ముందు నా నోటుబుక్కు, నా తెలుగు.
'తాగే నీళ్లు పోశారు' అని రాశాను.
చాలాసేపు దాన్నే చూశాను.
ఉస్తాద్‌కి ఆ అక్షరాలు రావు,
ఆయన స్పానర్లు తుడుచుకుంటున్నాడు.

చివరి 'రు' కొట్టేసి
'ను' పెట్టాను.

తర్వాత పదహారుని పద్దెనిమిదికి కలిపి
పదిహేడుని బండిలోకెక్కించాం.
అరవై కిలోలుంటుంది.
బరువు వైపు నేను పట్టుకున్నాను.